రెండు ఉప్పు పొట్లాలు

ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు ముగిసి గంట దాటింది. గుడారాలు విప్పేస్తున్నారు. ఇనుప సామాన్ల కొట్టు యజమాని మెడలోని పతకం తీసి జేబులో వేసుకుని, కుంటుతూ వస్తున్న అక్క మొగుడికి ఎదురెళ్ళాడు.

"వచ్చేశావా బావా!"

"రాక ఎక్కడికి పోతాను? నీ టైం ఎంతరా?"

"రెండు గంటల లోపే."

"మూడేళ్ళ కోరిక తీరిందన్నమాట. మరి పతకమేది?"

"జేబులో ఉంది. నీ పిక్క ఎలా ఉంది?"

"పదిహేనో కిలోమీటరులో పట్టేసింది. ఉప్పు పొట్లం కోసం నడుము తడుముకుంటే గుర్తొచ్చింది, ఇద్దరివీ నీ సంచీలోనే ఉన్నాయని. కేకేశాను. నీకు వినపడలేదనుకుంటా."

"వినపడింది బావా."

"మరి?"

"వెనక్కొస్తే నాలుగు నిమిషాలు పోతాయి. నాకున్న వెసులుబాటు మూడే. పరిగెడుతూనే లెక్కేసుకున్నాను."

"కొట్లో కూర్చుని లెక్కలేసినట్టే."

"పోయినేడు నా కాలు పట్టేస్తే నువ్వు నాతోపాటే నడిచావు."

"అదిప్పుడెందుకు? మీ అక్క ఫోన్ చేస్తే, నిన్ను నేనే ముందు పొమ్మన్నానని చెప్పాను."

"నువ్వు అనలేదుగా."

"అడిగుంటే అనేవాణ్ణి."

కొట్టు యజమాని తల వంచుకుని నడుము సంచీ విప్పి ఇచ్చాడు.

"రెండు పొట్లాలూ ఇలాగే ఉన్నాయే? నీదైనా తినలేదేం?"

"నీ కేక విన్నాక తినబుద్ధి కాలేదు."

బావ ఒకటి చింపి నోట్లో పోసుకుని, సంచీ తన నడుముకు కట్టుకున్నాడు.

"వచ్చేసారి ఇది నా దగ్గరుంటుంది. పద. కాస్త నెమ్మదిగా నడువు, మళ్ళీ కేకెయ్యలేను."