ముందుకు జరిగిన సీటు

“కారు కోసమే వచ్చానని చెప్పాను కదా, మళ్ళీ మళ్ళీ ఎందుకడుగుతారు?”

“ఎందుకంటే, వచ్చి పావుగంటైంది తమ్ముడూ. కార్ల వంక ఒక్కసారి చూడలేదు. నా మొహం వంకే చూస్తున్నావు.”

తేనెటీగలు పెంచే పెట్టెలాయన జీపు కల్వర్టుకి కొట్టుకుని రెండు నెలలైంది. కొత్త బండి వెతుక్కునే వంకతో ఆ మధ్యాహ్నం ఆయన, పాత కార్లు బాగుచేసి అమ్మే మెకానిక్ షెడ్డుకి నడిచి వచ్చాడు. మెకానిక్ ఆయన భార్యకి మేనబావ. ఆ ‘బావ’ అనే మాట పెళ్ళయిన పాతికేళ్ళుగా ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది.

“నన్ను తమ్ముడూ అనకండి.”

“మరేమనాలి? మరదలి మొగుడు తమ్ముడి వరసేగా. పైగా నేను రెండేళ్ళు పెద్దవాణ్ణి.”

“వరసలిప్పుడెందుకు? కారు చూపించండి.”

“ఎలాంటిది కావాలి?”

“ట్రైలరు లాగాలి. ఇరవై తేనెపెట్టెలు, పలకలు, తాళ్ళు, పొగడబ్బా. పూత ఎక్కడుంటే అక్కడికి పోవాలి, కొండ ఎక్కాలి, దిగాలి. పాతదైనా పర్వాలేదు, ధర మాకందాలి. అంతే.”

“అంతేనా?”

“అంతే.”

“సరదాగా ఉండక్కర్లేదా?”

“ఏమన్నారూ?”

“సరదాగా. నడుపుతుంటే కాస్త—”

“ఆ మాట మీకెవరు చెప్పారు?”

“ఏ మాట?”

“సరదా. మొన్న అన్నం తింటూ మా ఆవిడ అచ్చం అదే మాటంది. ‘ఏమండీ, ఈసారి కొనే బండి లాగితే చాలదు, సరదాగా కూడా ఉండాలి’ అని. పాతికేళ్ళలో ఆవిడ నోట బండి మాట వినలేదు నేను. ఇవాళ మీరూ అదే పాట.”

“సరదా అందరూ అనే మాటే తమ్ముడూ. నేనేమన్నా రాయించుకున్నానా? ఇదిగో, ఇటు రా, ముందు ఈ జీపు చూడు. జాగ్రత్త, అక్కడ—”

“అబ్బా!”

“—జాకీ ఉంది.”

“దారిలో పెడతారా ఎవరన్నా?”

“దారిలో ఎక్కడ? గోడ వారనే ఉంది. పసుపు రంగు కూడా వేశాను, అందరికీ కనబడాలని.”

“నా చూపు బండి మీదుంది.”

“సరే సరే. దెబ్బ తగిలిందా?”

“ఏం తగల్లేదు. చెప్పండి, చెప్పండి.”

“ఇది డీజిలు. ట్రైలరేంటి, మీ ఇంటిని వెనక కట్టినా లాగేస్తుంది. కాకపోతే గేరు మార్చాలంటే ముందు రోజే అర్జీ పెట్టుకోవాలి. మలుపులో స్టీరింగు తిప్పామా, మనం తిరుగుతాం, అది ఆలోచిస్తుంది.”

“నాకిది చాలు.”

“ఎక్కి చూడకుండానే?”

“లాగుతుందన్నారుగా.”

“మరదలికి నచ్చదు.”

“మీకెలా తెలుసు?”

“ఊరికే అన్నాను. ఎత్తెక్కువ కదా. ఎక్కాలంటే నిచ్చెన వెయ్యాలి.”

“మా ఆవిడ ఎత్తెంతో కొలిచారా?”

“బొడ్డూడనినాటి నుంచీ చూస్తున్నాను, కొలవడమెందుకు? కోపమెందుకు నీకు? ఇటు రా, ఈ ఎర్రది చూడు. రెండే తలుపులు. ఎక్కి కూర్చుంటే వయసు పదేళ్ళు తగ్గుతుంది. కానీ దీనికి ట్రైలరు కట్టామా, ఎలక ఏనుగుని లాగినట్టే. మొదటి ఎత్తుకే క్లచ్చి కాలిన కంపు. సరదా వారం రోజులు, ఏడుపు ఏడాది.”

“మరి చూపించడమెందుకు?”

“తేడా తెలియాలిగా. ఒకటి లాగుతుంది, నవ్వదు. ఒకటి నవ్వుతుంది, లాగదు. రెండూ చేసేది చేతికి రావడం కష్టం. పెళ్ళి సంబంధాల్లాగే.”

“సంబంధాల సంగతి మీరే చెప్పాలి. మీ ఇద్దరికీ అనుకున్నారటగా ఒకప్పుడు.”

“అదా! పెద్దవాళ్ళు అనుకున్నారు. ఆ మోడలు ఆగిపోయి పాతికేళ్ళయింది తమ్ముడూ. ఇప్పుడు స్పేరు పార్టులు కూడా దొరకవు.”

“నవ్వకండి.”

“నవ్వట్లేదు.”

“ఆ మూలనున్న ఆకుపచ్చదేంటి?”

“అదా... అదింకా తయారు కాలేదు.”

“కడిగి తుడిచి పెట్టారుగా.”

“పనుంది దానికి.”

“ఏం పని? ఇదిగో, తడిమితే చేతికే తెలుస్తోంది, వెనక కొత్త హుక్కు బిగించారు. అమ్మకానికి కాదా?”

“అమ్మకానికే. అద్దం మీద కాగితం ఉంది, చదువుకో.”

“మీరే చెప్పండి. కళ్ళజోడు తేలేదు.”

“జేబులో ఉన్నదేంటి?”

“అది పాతది. మీరు చదవండి, ఏమవుతుంది?”

“సరే. పదకొండేళ్ళ బండి. ఒక టీచరమ్మది, ఒక్క చేతి మీదే నడిచింది. పెట్రోలు. రెండు లీటర్ల ఇంజను. పొడుగ్గా ఉంటుంది, బరువుంటుంది, కాబట్టి వెనకున్న ట్రైలరు దీన్ని ఊపలేదు. పైకప్పులో కిటికీ. ధర ఎర్రదానికన్నా తక్కువే. ఈ పొడుగు కార్లని ఇప్పుడెవరూ అడగట్లేదు, వాటి ఖర్మ.”

“ఒకసారి స్టార్టు చెయ్యండి. బానెట్టు తెరవక్కర్లేదు, ఊరికే విందామని.”

“విను.”

“కాస్త రేజు చెయ్యండి. ఇంకాస్త. ఊఁ... గొంతు బాగుంది. అడుగున గరగర లేదు. పైకి పోతుంటే పాడుతోంది.”

“సరదాగా లేదూ?”

“ఆపెయ్యండి. ఇంత మంచిదాన్ని ఎందుకు దాస్తున్నారు?”

“దాచలేదు. ఒకళ్ళు అడిగి పెట్టారు.”

“ఎవరు?”

“ఒక పార్టీ.”

“తలుపు తియ్యండి, కూర్చుని చూస్తాను.”

“ఉండుండు, సీటు సర్ది—”

“సర్దడమెందుకు? అబ్బ! మోకాళ్ళు వెళ్ళి స్టీరింగుకి కొట్టుకుంటున్నాయి. ఇంత ముందుకి జరిపారేంటి సీటు?”

“అదీ...”

“మీరు నాకన్నా పొడుగు. ఇందులో ఇలా ఇరుక్కుని మీరు కూర్చోలేరు. ఎవరు కూర్చున్నారిక్కడ?”

“కస్టమర్లు వస్తూంటారు, కూర్చుంటూంటారు.”

“నడుం వెనక దిండు కూడా పెట్టుకునా? ఈ దిండు మా ఇంట్లోది. గలేబు మా ఆవిడ కుట్టింది. ఆ కుట్టు నేను చేత్తో పోల్చగలను.”

“తమ్ముడూ, నా మాట—”

“శనివారం శనివారం అక్క ఇంటికంటుంది. ఏడు వారాల్నుంచీ. తిరిగొస్తే మోచేతి దగ్గర గ్రీజు వాసన. వాళ్ళక్క ఇంట్లో గ్రీజెక్కడిదయ్యా? వచ్చి గిన్నెలు సర్దుకుంటూ కూనిరాగాలు. ఎప్పుడూ లేంది కూనిరాగాలు! పాతికేళ్ళు తేనెటీగలతో బతికినవాణ్ణి, కుట్టించుకోవడం నాకు కొత్త కాదు. కానీ ఇది, ఇది—”

“కూర్చో. మంచినీళ్ళు తాగు.”

“నీ నీళ్ళొద్దు, నీ మర్యాదలొద్దు. చెప్పు. ఏం నడుస్తోందిక్కడ?”

“కారు.”

“ఆఁ?”

“నడుస్తున్నది కారు. నడుపుతున్నది మరదలు. డ్రైవింగు నేర్చుకుంటోంది తమ్ముడూ. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది. ఇదిగో, ఇప్పుడా ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.”

“నేర్చుకుంటోందా? దేనికి? నేను లేనూ?”

“ఉన్నావు. పదేళ్ళ కిందట నువ్వే నేర్పబోయావట కదా.”

“చెప్పిందా అది కూడా?”

“బండి రోడ్డు పక్క రాయికి రాసుకుందని తనని నడిదారిలో దింపేసి, నువ్వొక్కడివే ఇంటికెళ్ళిపోయావట.”

“వెనక్కొచ్చానుగా! పది నిమిషాల్లో వెనక్కొచ్చాను. ఆవిడే అడ్డదారిన నడిచెళ్ళిపోయింది.”

“అదే చెప్పింది.”

“అందుకని నీ దగ్గరికొచ్చిందన్నమాట. నువ్వు అరవవుగా. నువ్వు వెన్నముద్దవి.”

“అరవను. అరిస్తే బోల్టులు వదులవుతాయా? నాలుగు వారాల్లో రోడ్డెక్కేసింది. ఆ తర్వాత ట్రైలరు కట్టి రివర్సు. దాని తిరకాసు నీకు తెలుసుగా, ట్రైలరు కుడికి పోవాలంటే చక్రం ఎడమకి తిప్పాలి. మొదటి రోజు రెండు డ్రమ్ములు దొర్లించింది. పోయిన శనివారం అదిగో, ఆ సందులోకి ఒక్క ఊపులో పెట్టేసింది. నాకన్నా నయం.”

“చప్పట్లు కొట్టావా?”

“కొట్టాను.”

“నవ్విందా?”

“నవ్వింది.”

“నేను ఆవిడ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?”

“అది నువ్వు ఆలోచించుకోవలసిన సంగతి. కల్వర్టుకి గుద్దినప్పుడు నీ పక్కనున్నది తనేగా.”

“బ్రేకు పడలేదని చెప్పాను.”

“చెప్పావు. ఆ జీపుని తాడు కట్టి లాక్కొచ్చింది ఈ షెడ్డుకే. బ్రేకులు విప్పి చూసింది నేనే.”

“చూసి?”

“బాగానే ఉన్నాయి.”

“ఎండ ఎదురుకొట్టింది.”

“మబ్బు పట్టిన రోజు తమ్ముడూ అది.”

“మాట మార్చకు! నేనడిగేది బ్రేకుల గురించి కాదు, నా పెళ్ళాం గురించి. ఏడు శనివారాలు నీ పక్కన కూర్చుంది.”

“కూర్చుంది. కూర్చుని ఏం మాట్లాడిందో చెప్పనా?”

“చెప్పు.”

“‘ఆయన గేరు మారిస్తే మార్చినట్టే తెలీదు బావా, నువ్వు మారిస్తే పళ్ళు కొట్టుకుంటున్నాయి.’ ‘ఆయన కొండ దిగేటప్పుడు ఈల వేస్తారు బావా.’ ‘గుంత వస్తే ఆయన ఊపిరి బిగబడతారు, పెట్టెల్లో ఈగలకి దెబ్బ తగులుతుందేమోనని.’ ఆయన, ఆయన, ఆయన! ఏడు శనివారాలు, నా కార్లో కూర్చుని, నా పెట్రోలు పోసుకుని, నా మొహం మీదే. ఇప్పుడు చెప్పు. కడుపు మండాల్సింది నీకా, నాకా?”

“అదంతా... నా గురించా?”

“ఇంకో సంగతి కూడా విను, ఎటూ మొదలెట్టాను కనక. ఆ సంబంధం నేనే వద్దన్నానని అందరూ అనుకుంటారు. నేనే అలా చెప్పుకున్నాను, పరువు కోసం. వద్దన్నది తను. ఊఁ అనడానికి నేను నాలుగు రోజులు తీసుకుంటానట. ఆ తర్వాత నాలుగు నెలలకే నీ తేనెపెట్టెల బండెక్కి వెళ్ళిపోయింది.”

“నాతో ఒక్కసారి కూడా అనలేదు.”

“అనదు. ఇన్నేళ్ళుగా నా పరువు కాపాడుతోంది. తన పద్ధతి అంతే, ఎదటివాడి తల వంగనివ్వదు.”

“ఈ ఆకుపచ్చది అడిగి పెట్టిన పార్టీ కూడా...”

“తనే. జీపుని వద్దంది. ఎర్రదాన్ని చూసి ముచ్చటపడింది, పాపం పెట్టెలెలా లాగుతుందని తనే వద్దంది. దీని దగ్గరికొచ్చి మాత్రం తిన్నగా వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది.”

“పక్క సీట్లోనా? నడిపేది తనైతే?”

“నేనూ అదే అడిగాను. నువ్వు నడుపు బావా అంది. పైకిటికీ తీయించింది, అద్దాలు దింపించింది. అప్పుడు కళ్ళు మూసుకుంది.”

“కళ్ళెందుకు మూసుకోవడం?”

“‘ఉండు, చూడనీ’ అంది. కళ్ళు మూసుకుని చూడటమేంటే అన్నాను. అరగంట తిప్పించింది. మలుపొస్తే ఒంటికి తెలుస్తోందంది. ఎత్తెక్కుతుంటే ఇంజను గొంతు మారుతోందంది. చెట్ల కిందికొచ్చామా అని తనే అడిగింది, చల్లదనం తగిలిందట. తోటలో పూత వాసన కూడా ముందే పట్టేసింది. ఆ తర్వాత కళ్ళు తెరిచి, ‘ఇదీ సరదా అంటే. ఇదే కావాలి’ అంది. ఎవరికే ఇదంతా అన్నాను. మాట దాటేసింది. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు. నీకేమన్నా... తమ్ముడూ? ఏమైంది?”

“ఏం లేదు.”

“కూర్చో, ముందు కూర్చో.”

“ఏం లేదన్నానుగా. ఇవాళ శనివారం కదా?”

“అవును. వచ్చే వేళయింది. నువ్వు చూశావని తెలిస్తే నన్ను బతకనివ్వదు. ఆ వెనక గుమ్మంలోంచి మెల్లగా—”

“వెళ్ళను.”

“మాట విను.”

“వెళ్ళనన్నా. ఇక్కడే ఉంటాను.”

గేటు చప్పుడైంది. వచ్చిన అడుగులు ఎవరివో ఆయనకి తల తిప్పకుండానే తెలిసింది.

“బావా, ఇవాళ ఆ సందులోకి రెండుసార్లు పెడతాను, పందెం... ఏమండీ! మీరా? మీరిక్కడ...”

“కారు చూద్దామని వచ్చాను.”

“బావా! చెప్పేశావా?”

“నేనెక్కడ చెప్పానే? నీ దిండే చెప్పింది.”

“ఏమండీ, కోప్పడకండి. నేనే చెబుదామనుకున్నాను. అక్క ఇంటికని అబద్ధమాడాను, తప్పే. కానీ ఏదో సరదాకి—”

“దిండు పెట్టుకుంటే కాళ్ళు బాగా అందుతున్నాయా?”

“అందుతున్నాయి.”

“రివర్సు బాగా వచ్చిందటగా. అన్నయ్య చెప్పాడు.”

“మీ అంత బాగా ఎక్కడొస్తుంది? మీరుండగా నేను నడపడమేంటి అసలు. ఎప్పుడైనా మీకు అలసటగా ఉంటే, కాసేపు, ఊరికే—”

“ఇలా రా.”

“ఏంటండీ?”

“ఇంకా దగ్గరికి రా. జీపు బ్రేకులకేం కాలేదు. కల్వర్టే నాకు కనబడలేదు. నీ మొహం కూడా ఇంత దగ్గరికొస్తే తప్ప కనబడటం లేదు. ఇకనుంచి నువ్వే నడుపు.”