ఎజ్రా చరణం

“ఆయన పేరు చెప్పకుండా ఈ పాట నా నోట రాదు. ఒట్టు.” ఇది నువ్వన్న మాటే కదరా క్లైవ్? మా అమ్మ వంటింట్లో, ఆయన చెయ్యి పట్టుకుని మరీ అన్నావు.

తిను, చిప్స్ చల్లారిపోతున్నాయి. వ్యాన్ తలుపు తియ్యకు. నేను చెప్పేది అయ్యాక దిగుదువుగాని.

నాలుగేళ్ల కిందట మా ఊరు హల్‌లో హోటలువాళ్లు నల్లవాడికి గది లేదు పొమ్మంటే, అమెరికా నుంచి పాడటానికొచ్చిన ఎజ్రా పెటిగ్రూ మా ఇంట్లోనే కదా వారం ఉన్నాడు. చలికి కోటు విప్పకుండానే అమ్మ వేయించిన రొట్టె తిని, “అచ్చం మా మిసిసిపీలాగే ఉందమ్మా, ఎండ ఒక్కటే తక్కువ” అన్నాడు. అమ్మ ఎంత నవ్విందని.

అక్కడే మనకి పాట నేర్పాడు. ఆఖరి చరణంలో తన పేరు తనే పాడుకునేవాడు, బ్లూస్ పాటలు పాడే ఆ నల్ల పెద్దల ఆనవాయితీ అది. “చదువు రానివాడి సంతకం నాయనా, అది మాత్రం చెరపకండి” అన్నాడు.

మన బ్యాండ్ మొదటి ఆల్బమ్‌కి పాట మొత్తం వాయించాం కదా? నేను మౌతార్గాన్ జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లాక, పొడుగైపోయిందని టేపులో ఆ చరణం కోయించావు. అట్ట మీద ఆయన పేరుండాల్సిన చోట ‘జానపదం’ అని వేయించావు. అదేంట్రా అని అడిగితే, “కళ ప్రజలందరిదీ అని అరిచేది నువ్వే కదా” అన్నావు. అరుస్తాను. ఇప్పుడూ అరుస్తాను. ప్రజలకి పేర్లుండవా?

రికార్డు చివరిదాకా విని అమ్మ ఒకటే అడిగింది. “ఆయన ఏడిరా?”

ఆ చరణం ఎత్తుకునే ముందు నీకు దగ్గొచ్చింది, గుర్తుందా? కోసినవాడు చరణం తీసేసి దగ్గు వదిలేశాడు. ఇందాక ఈ షెఫీల్డ్ క్లబ్బులో, మనకంటే ముందు ఆ బేకరీలో పనిచేసే అమ్మాయి ఇదే పాట పాడింది కదా. ఎంత బాగా పాడింది. సరిగ్గా చివర ఆగి, దగ్గింది. అదీ పాటలో భాగమే అనుకుంటున్నారురా. మన రికార్డు అరగదీసి నేర్చుకున్న ప్రతి ఊళ్లోనూ అక్కడ దగ్గుతున్నారు.

ఎజ్రా ఎవరో తెలుసా అని ఆ అమ్మాయిని అడిగాను. “మీ డ్రమ్మరా?” అంది.

నవ్వకు. ఇదిగో, ఈ వారం సంగీత పత్రిక. నాలుగు వరుసలు. షికాగోలో పోయాడట. ‘వీరి ప్రసిద్ధ గీతాన్ని ఈయన కూడా పాడేవారు’ అని వేశారు. మన పాటని ఆయన పాడేవాడట, క్లైవ్.

అమ్మకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పను?

రెండో ఆల్బమ్‌లో ఆ పాట మళ్లీ ఉండాలి, మొత్తం, ఆయన పేరుతో. లేదంటే మౌతార్గాన్‌కి ఇంకొకణ్ణి వెతుక్కో. తల ఊపకు, నీ ఒట్టు ఒకసారి చూశాను. మా వంటింటికి వచ్చి, అమ్మ ముందు నిలబడి, ఆ చరణం పాడు. అదే నీ జవాబు అనుకుంటాను.

నవంబరు పది, ఆదివారం. అప్పటిదాకా చూస్తాను.