గోడ మీద పచ్చబొట్లు

బడి హాల్లో పిల్లలు గోడ మీద వేసిన బొమ్మల రంగులు ఇంకా ఆరలేదు. వాటి ముందు నిలబడి హెడ్‌మిస్ట్రెస్ డ్రాయింగు టీచరుతో అంది:

“ఊరి చివర గుడారాల వాళ్ళ పచ్చబొట్లు మన గోడకెందుకని బడి కమిటీ అధ్యక్షుడుగారు అగ్గి మీద గుగ్గిలమవుతున్నారు. తుడిపించెయ్యమ్మా.”

“తుడిపించను మేడమ్. ఎవరింటి సంగతి వాళ్ళే గీసుకుంటే ఇక పాఠమేముంది? పక్కవాళ్ళది అడిగి తెలుసుకుని గీయమన్నాను.”

“అంటే, ఇది గీసింది మన బడికొచ్చే ఆ గుడారాల పిల్ల కాదా?”

“కాదండీ. ఆ పిల్ల నాయనమ్మ పక్కన కూర్చుని, ఆవిడ చేతి మీది ఒక్కో చుక్కకీ అర్థం అడిగి మరీ గీశాడు అధ్యక్షుడుగారి అబ్బాయి.”

హెడ్‌మిస్ట్రెస్‌కు నవ్వాగలేదు.

“ఆయనకి తెలుసా?”

“రేపు ప్రదర్శనలో అందరి ముందూ వాడే చెప్తాడట. మీ నాన్నంటే భయం లేదా అంటే, ‘బొమ్మ బాగా కుదిరింది కదా టీచర్’ అన్నాడు.”

“అయితే ఆయనకి ముందు వరుసలో కుర్చీ వేయించు. పక్కనే ఆ నాయనమ్మకీ ఒకటి.”