రెండో అంతస్తు చివరి గది

జపానులో అమగసాకి స్టేషను వెనక, ఇళ్ళు అద్దెకిప్పించే దుకాణం. మధ్యాహ్నం, వాన. బల్లకి ఇవతల కినుయొ అనే ముసలామె, అవతల ఏజెంటు సుగాయ.

“ఆ గది వద్దు మామ్మగారూ. ఇంకేదైనా అడగండి.”

“ఇంకేదైనా అంటే? అది కాక నువ్వు చూపించింది ఒక్కటే. దాని ఓనరు నా వయసు వినగానే ఫోను పెట్టేశాడు.”

“డెబ్బై తొమ్మిది అంటే అందరూ అంతే. ఒంటరిగా ఉంటారంటే మరీను. సిటీ ఆఫీసు ఇళ్ళకి పెట్టుకున్నారా?”

“లాటరీ కదా. నాలుగుసార్లు పెట్టాను. అదృష్టం నా గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. ఇప్పుడు ఆ గుమ్మమే లేకుండా పోతోంది.”

“పోనీ, వృద్ధుల హోము?”

“కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయిగా, మంచాన పడ్డాక రమ్మన్నారు. పడ్డాక ఎలా వస్తానని అడిగాను. నవ్వారు.”

“ఇప్పుడున్న ఇల్లు ఎందుకు వదలడం?”

“పడగొడుతున్నారు. ఇంక తొమ్మిది రోజులు. ఇది పన్నెండో దుకాణం బాబూ. ఆ చివరి గది ఏడాదిగా ఖాళీ. అద్దె సగానికి దించారు. కిటికీలో కాగితం చూశాను.”

“ఎందుకు దించారో చెప్పకుండా ఇస్తే రేపు మా పీకల మీదికొస్తుంది.”

“చెప్పు మరి.”

“అందులో ఒకాయన పోయారు.”

“మనుషులు ఇళ్ళల్లోనే పోతారు.”

“అలా కాదండీ. ఒంటరిగా. మీలాగే... అంటే... క్షమించండి.”

“ఫరవాలేదు. ఎక్కడ?”

“ఎక్కడంటే?”

“గదిలో ఏ వైపు?”

“స్నానాలగది గుమ్మంలో. జారిపడి తుంటి విరిగింది. ఇవన్నీ మీకెందుకు?”

“ఉండబోయేదాన్ని. ఎప్పుడు తెలిసింది?”

“రెండు రోజుల పేపర్లు తలుపుకే ఉండిపోయాయి. పక్కింటామె వచ్చి చెప్పింది.”

“తలుపు తీశారా?”

“తీయలేదు.”

“తాళం లేకనా?”

“ఉంది. కానీ అంతకుముందు ఒకసారి ఇలాగే వేరే గది తీస్తే లోపల ముసలాయన హాయిగా నిద్రపోతున్నాడు. నానా రభసా చేశాడు. అప్పట్నుంచీ, ఆపదలో ఫోను చేయమని అద్దెకున్నవాళ్ళు రాసిచ్చిన మనిషిని అడక్కుండా తీయొద్దన్నారు ఓనరు. ఆ నంబరుకి చేశాం. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాం. ఆయనా ఆ మనిషీ కలిసి ఊరెళ్ళారేమో అనుకున్నాం.”

“ఊరా.”

“ఇంకో రెండు రోజులు చూసి తీశాం.”

“అప్పటికే...”

“ఆఁ. తలుపు తీయడానికి ముందురోజు దాకా ప్రాణం ఉండిందన్నారు డాక్టరు.”

“ముందురోజు దాకా.”

“మామ్మగారూ? టీ ఇమ్మంటారా?”

“వద్దు. ఆ గదే రాసెయ్యి.”

“ఇంత విన్నాక కూడానా?”

“రాసెయ్యి బాబూ.”

“సరే. ఓనర్ని నేను ఒప్పిస్తాను. షరతు ఒక్కటే. ఫోను చేస్తే ఎత్తే మనిషి ఒకరు కావాలి. పిల్లలు?”

“లేరు.”

“తోడబుట్టినవాళ్ళు?”

“అన్నయ్య ఉండేవాడు.”

“ఉండేవారా... అయ్యో. స్నేహితులెవరైనా? పక్కింటివాళ్ళు?”

“పక్కిళ్ళు ముందే ఖాళీ అయ్యాయి.”

“పోనీ, కాగితంలో ఆ గడి తర్వాత చూద్దాం. మీ పూర్తి పేరు?”

“నిషివాకి కినుయొ.”

“నిషివాకి... ఉండండి. ఈ పేరు నేనెక్కడో... ఆ గదిలో పోయినాయన కాగితంలో... మామ్మగారూ, ఆ నంబరు...”

“తెలియని నంబరు ఎత్తొద్దని పోలీసులు ఇంటింటికీ వచ్చి చెప్పారు బాబూ. కొడుకునంటూ ముసలివాళ్ళ డబ్బు గుంజే దొంగలు తిరుగుతున్నారట. ఫోను మీద కాగితం కూడా అంటించి వెళ్ళారు. ఆరుసార్లు మోగింది. నేను పక్కనే కూర్చుని, ఆగేదాకా చూశాను.”