పిండిల రాసిన పేరు

"తాతా, నా కథల మనిషి బొమ్మ లెక్క నిలవడుతున్నడు, పానమున్నట్టు లేడు. నువ్వు పిల్లలకు కథలు నేర్పినవట గదా, ఎట్ల నేర్పినవ్?"

ఎవలు చెప్పిండ్రే నీకు? ఫోన్‌ల రికార్డు చేస్తున్నవా? సరే చెయ్యి.

ఎనభై రెండుల, బల్లార్‌పూర్ బొగ్గుబాయి క్వార్టర్లల్ల ఉన్నప్పటి ముచ్చట. బాయి మీద హాజరీ రాసెటోన్ని. ఐతారం ఐతారం మనోళ్ళ పిల్లలను వరండల కూసోబెట్టి తెలుగు చెప్పెటోన్ని. బడి మరాఠీది గదా, నోటితోని తెలుగు, చేతితోని మరాఠీ. అప్పుడు చాయ్ అర్ధరూపాయి... కాదు, పావలా. మా బామ్మర్ది హోటల్ పెట్టినంక అర్ధరూపాయి అయింది. సరే, అది ఇడిసిపెట్టు.

ఓనమాలు వచ్చినంక కథలు రాయించిన. ఏమంటుంటినంటె, "ఎవలి మీద రాస్తరో ఆ మనిషి పక్కపొంటి ఒక పూట కూసోండ్రి. ఆ మనిషికి ఏం కావాలె, ఎవలికి చెప్పకుంట ఏం దాస్తున్నది, ఎవలు సూడనప్పుడు చేతులేం చేస్తయి, గది సూడుండ్రి." ఒక పోరడు "మా నాయిన మంచోడు" అని రాసుకొచ్చిండు. "ఏం మంచిరా, నాకు కనవడ్తలేడు" అన్న. మల్ల వారం ఏం రాసిండో తెలుసా? "మా నాయిన గోర్లల్ల బొగ్గు పోయేదాంక చెల్లెను ఎత్తుకోడు." సూడు, మనిషి లేచి నిలవడ్డడా లేదా?

సరిత అని ఒక పిల్ల ఉండె. రెండు వారాలు వంటింట్ల మా ఇంటామె దగ్గర కూసున్నది, గదే, మీ బాపమ్మ మల్లమ్మ దగ్గర. ఒక ఐతారం వహి, గదే నోటుబుక్కు, తెచ్చిచ్చింది. ముచ్చట తెలుగే, అక్షరాలన్ని మరాఠీయి. నాకు తిక్కలేసింది. "ఇన్నొద్దులు నేర్పింది గంగల కలిపినవా? తెలుగు అక్షరాలల్ల రాసి తే, అప్పుడు సదువుత" అని సదువకుంటనే మల్ల పిల్ల చేతుల వెట్టిన. పిల్ల కండ్లనిండ నీళ్ళు. మల్ల రాలె. వాళ్ళ నాయినకు మాజ్రి బాయికి బదిలీ అయింది, పోయిండ్రు.

నిరుడు మీ బాపమ్మ పోయినంక సందుగ తెరిస్తె, పెండ్లిచీర మడతల గా వహి. పోయేముందు సరిత ఆమెకు ఇచ్చి పోయినట్టున్నది.

"అంటే ముప్పై ఒక్క ఏండ్లు దాచింది తాతా."

లెక్కలు మస్తు జల్ది వస్తయే నీకు. అవ్, ముప్పై ఒక్కటి. అప్పుడు సదివిన. ఏం రాసిందంటే, "అత్త పళ్ళెంల జొన్నపిండి పలక లెక్క పరుస్తది. బయట సార్ 'మ' అంటె, లోపల పిండిల ఏలుతోని 'మ' రాస్తది. సార్ దగ్గితే తుడిచేసి రొట్టె తడుతది. అత్తకు తన పేరు రాసుకోవాలెనని ఉన్నది. 'ల్ల' కాడ ఆగిపోతది. సార్‌కు చెప్పకే, నవ్వుతడు అన్నది."

నేను నవ్వుతనట. నవ్వెటోన్నేనా? ఏమో... నవ్వెటోన్నే కావచ్చు.

రేషన్ దుకాణంల నేనే ఆమె బొటనేలు పట్టి సిరా అద్దిచ్చెటోన్ని, తెలుసా. "ఈడ వెట్టు" అనెటోన్ని. ఊరి పిల్లలందరికి చేతులు సూడుమని చెప్పినోన్ని. ఆమె అడగలె, నేను సూడలె. ఒక్క 'ల్ల' గదా బిడ్డా. ఒక పొద్దు పడుతుండె, గంతే.

మాజ్రిల సరిత కోసం అడిగిన. ఎవలికి ఎరుక లేదు. దొరికితె, సదివిన బిడ్డా అని చెప్పాలె. గా ఒక్క మాటే.

నువ్వు లే ఇగ. మీ అమ్మ వంటింట్ల ఉన్నది, పోయి పక్కపొంటి కూసో. ఏం అడగకు. ఫోన్ ఈడనే వెట్టి పో. ఏ అక్షరాలొస్తె గా అక్షరాలల్ల రాసి తే, నేను సదువుత. సల్లంగ బతుకు బిడ్డా, నీ చెయ్యి ఆగకుండ నడవాలె.

పోతూ పోతూ గా జొన్నపిండి డబ్బ జర ఇటు... ఏం లేదు. పో, ఏం లేదు.