చుక్కల మాస్టారి అరువు నాలుక

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు, ఇరవై నాలుగేళ్ల యువకుడొకరు మన హోటల్ వెనుక ద్వారం గుండా ప్రవేశించి, గ్లాసులు తుడిచే ఉద్యోగంలో చేరారు. ఆనాడు ఆ ఉద్యోగానికి గౌరవం లేదు, కుర్చీ అంతకంటే లేదు. గ్లాసుకు ఆవిరి పట్టి, నూలుగుడ్డతో తుడిచి, దీపానికి ఎదురుగా పెట్టి చూసి, వేలిముద్ర కనబడితే మళ్లీ మొదటికి రావడమే నిత్యకృత్యం. ముప్పై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున ముఖ్య బార్‌టెండర్‌గా పదవీ విరమణ చేస్తున్న, మనందరి గౌరవాభిమానాలకు పాత్రులైన చుక్కల మాస్టారే ఆ యువకుడు.

ఈ బిరుదు సభ పెట్టి ఇచ్చినది కాదు. ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే పాతకాలపు కాక్‌టెయిల్‌లో విస్కీ, చక్కెర, నారింజ తొక్కలతోపాటు మూలికల చేదు సారం రెండంటే రెండే చుక్కలు పడాలి. పొరపాటున మూడు వేసినవారికి మాస్టారు మిగిలిన చుక్కలన్నీ పట్టపగలే చూపించేవారు. అలా పుట్టిన పేరు ఎంతగా స్థిరపడిందంటే, హాజరు పట్టీలో తప్ప వారి అసలు పేరు మరెక్కడా మిగలలేదు.

గ్లాసుల దగ్గర మూడేళ్లు గడిచాక, అప్పటి ముఖ్య బార్‌టెండర్ గారు ఒక మధ్యాహ్నం వారి చేతికి షేకర్ అందించి విస్కీ సవర్ కలపమన్నారు. విస్కీ, నిమ్మరసం, చక్కెర పాకం, పైన గుడ్డు తెల్లసొన నురగ. రుచి చూసిన గురువుగారు, "నిమ్మకాయ గెలిచింది," అన్నారు. రెండోసారి, "ఇప్పుడు చక్కెర గెలిచింది," అన్నారు. పదకొండోసారి గ్లాసు కింద పెట్టి, "ఎవరూ గెలవలేదు. ఇక పోయి భోంచెయ్యి," అన్నారు. పులుపూ తీపీ తగవులాడుకునే చోట తాము మధ్యవర్తులే గాని పక్షపాతులు కారాదన్న ధర్మాన్ని మాస్టారు ఆనాడే శిరసావహించారు.

ఆ సంవత్సరమే వివాహం కుదిరింది. ఉద్యోగమేమిటని కాబోయే మామగారు అడిగినప్పుడు, "పానీయాల విభాగమండీ," అని వినయంగా సెలవిచ్చారు. అది అక్షరాలా సత్యమే. మామగారు మాత్రం దానిని మంచినీటి సరఫరా శాఖగా గ్రహించి, "అల్లుడుగారూ, మా వీధి కుళాయిలో ధార సన్నబడింది. మీ పైవాళ్లకి ఓ మాట చెప్పరాదూ?" అని రెండేళ్లపాటు కోరుతూనే వచ్చారు. "చూస్తాను మామయ్యగారూ," అంటూ మాస్టారూ నెట్టుకొచ్చారు. కాకతాళీయంగా ఒక వారం ధార పెరిగింది కూడా. అసలు సంగతి బయటపడిన నాడు పెద్దాయన, "మరి ఆ కుళాయి ఎవరు బాగుచేసినట్టు?" అని మాత్రమే అడిగారు.

తొంభై ఎనిమిదిలో సహాయ బార్‌టెండర్‌గా, రెండువేల ఆరులో ముఖ్య బార్‌టెండర్‌గా మాస్టారు పదోన్నతి పొందారు. చల్లటి జిన్‌తో కలిపే మార్టినీ తాగితే చలికాలపు పొద్దున అద్దానికి చెంప ఆనించినట్టుండాలనీ, రమ్మూ నిమ్మా చక్కెరా కలిసిన డైకిరీ ఒక్క ఊపిరిలో చెప్పేసిన మాటలా ఉండాలనీ వారు బోధించేవారు. పొగలూ నురగలూ పన్నీటి తుంపరలూ కొత్త ఫ్యాషన్లై వచ్చినప్పుడు చీదరించుకోకుండా, గౌరవించి, నేర్చుకుని, ఆ తరువాతే చీదరించుకున్నారు.

అటువంటి మాస్టారికి రెండువేల పద్దెనిమిదిలో గండం వచ్చింది. గండమంటే జలుబు. వారం రోజుల్లో జలుబు పోయింది. పోతూ పోతూ వారి రుచినీ వాసననూ వెంటబెట్టుకుపోయింది. ఈ సంగతిని మొదట కనిపెట్టినది వారి ఇల్లాలు. ఆ పూట భోజనంలో మాస్టారు, "కూర బాగుంది," అన్నారు.

ఆవిడ చేతిలోని గరిటె ఆగిపోయింది. "ఇరవై ఆరేళ్ల కాపురంలో ఈ మాట ఎన్నడూ అనలేదు మీరు. ఇవాళ నేను ఉప్పే వెయ్యలేదు. ఏమైంది మీకు?"

వచ్చిన ఆపద సామాన్యమైనది కాదు. సరిగ్గా అప్పుడే యాజమాన్యం ఆరు పాత కాక్‌టెయిల్స్, ఆరు కొత్తవి కలిపి కొత్త మెనూ కార్డు సిద్ధం చేయమని, ఒక్కొక్కదాని రుచిని ఒక్క వాక్యంలో వర్ణించమని, ఇరవయ్యో రోజున హోటల్ అధ్యక్షురాలి ఎదుట రుచి చూపించమని ఉత్తర్వు ఇచ్చింది. అదే సభకు, మీట నొక్కితే నాలుగు వందల రకాలు కలిపి పోసే యంత్రంతో ఒక కంపెనీ ప్రతినిధి కూడా వస్తున్నారు. మాస్టారు తడబడితే యంత్రం వచ్చి కూర్చుంటుంది. బార్‌లోని ఆరుగురు సిబ్బంది నిలబడే చోటు కూడా మిగలదు. నాలుకే ఆయుధమైనవారికి యుద్ధానికి ముందే అది మొద్దుబారింది.

మూడు రోజులు మథనపడి, నాలుగో రోజు ఉదయం పది గంటలకు వారు లాండ్రీ విభాగం మెట్లు దిగారు. ఆ విభాగానికి పెద్ద, మనమంతా లాండ్రీ అక్క అని పిలుచుకునే ఆవిడ. చొక్కా వాసన చూసి ఆ అతిథి ఏ అంతస్తులో దిగారో చెప్పగల ముక్కు ఆవిడది.

"అక్కా, నీ నాలుక కొన్నాళ్లు అరువియ్యాలి," అన్నారు మాస్టారు.

"ఎవర్ని తిట్టాలి?" అన్నదావిడ, ఇస్త్రీపెట్టె పక్కన పెడుతూ.

అలా ప్రతి ఉదయం, బార్ తెరవకముందు, అక్క చెంచాతో రుచి చూడటం, ఆవిడ నోట వచ్చిన మాటను మాస్టారు కాగితం మీద రాసుకోవడం మొదలైంది. మార్టినీ చప్పరించి ఆవిడ, "గంజి ఎక్కువైంది. చొక్కా బిర్రబిగుసుకుపోయింది," అన్నది. మాస్టారు ఆలోచించి వెర్మూత్ అనే మూలికల వైన్ అర చెంచా పెంచారు. "ఇప్పుడు తొడుక్కోవచ్చు." అంచుకు ఉప్పు అద్దిన గ్లాసులో టెకీలా, నిమ్మ కలిసిన మార్గరీటా ఇస్తే, "సముద్రంలో ముంచి ఎండలో ఆరేసిన తువ్వాలు," అన్నది. జిన్నూ ఎర్రటి చేదూ తీపి వెర్మూతూ సమపాళ్లలో కలిసే నెగ్రోనీకి ముఖమంతా ముడుచుకుని, "ఛీ! ఇంకో చెంచా ఇవ్వు," అన్నది.

"బాగోలేదన్నావుగా?"

"సరిగ్గా తిట్టాలంటే ఇంకోసారి తాగాలి కదా!"

కొత్తవాటిలో ఒకదాని పేరు పెనిసిలిన్. స్కాచ్, నిమ్మ, తేనె, అల్లం కలిపి, పైన పొగవాసన విస్కీ సన్నగా తేలవేస్తారు.

"పెనిసిలినా? మందు పేరు కదూ అది?"

"మందే," అన్నారు మాస్టారు గంభీరంగా.

ఆవిడ కళ్లు మూసుకుని చప్పరించింది. "ఉన్ని శాలువా మీద ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఎక్కువసేపు ఆనింది. కాలలేదు. కాలబోయింది."

ఈ పరిశోధన విభాగాల మధ్య సమన్వయానికి ఆదర్శమే అయినా, నిర్విఘ్నంగా మాత్రం సాగలేదు. ఐదు రకాలు వరుసగా రుచి చూసిన రోజున మూడో అంతస్తు గదులన్నిటికీ దిండు గలీబులు హంసల ఆకారంలో మడతపడి చేరాయి.

అసలు పొరపాటు చివరి రోజున జరిగింది. కార్డులో అచ్చు వేయించడానికి మాస్టారు గ్రాంథికంలో అందంగా రాసుకున్న కాగితమూ, అక్క మాటల కాగితమూ ఒకే జేబులో ఉన్నాయి. అచ్చుకు వెళ్లినది రెండోది. సభలో జనరల్ మేనేజర్ గారు కార్డు తెరిచి, "మార్గరీటా. సముద్రంలో ముంచి ఎండలో ఆరేసిన తువ్వాలు," అని పైకి చదివి, అక్కడే ఆగిపోయారు. యంత్రం ప్రతినిధి దగ్గు మాటున నవ్వు దాచుకున్నారు.

అధ్యక్షురాలు, డెబ్బై దాటిన పెద్దావిడ, మార్గరీటా గ్లాసు అందుకుని ఒక గుక్క తాగారు. తరువాత పెనిసిలిన్ తీసుకుని, కార్డు చూసి, మళ్లీ తాగారు. "నిజమే. కాలబోయింది," అని తమలో తాము అనుకుని, "ఇవి రాసిందెవరు?" అని అడిగారు.

నేనేనని ఒక్క మాట అంటే గండం గట్టెక్కేది. మాస్టారికి ఆ మాట గొంతు దాకా వచ్చిందట; కానీ గోడవారగా నిలబడి చేతులు నలుపుకుంటున్న అక్క కనబడింది. "అమ్మా, మూడు వారాలుగా నాకు రుచీ వాసనా తెలియడం లేదు. చేతులు నావి. నాలుక లాండ్రీ అక్కది," అన్నారు.

పెద్దావిడ యంత్రం ప్రతినిధి వైపు తిరిగారు.

"మీ యంత్రానికి జలుబు చేస్తుందా?"

"చెయ్యదండీ! అదేనండీ దాని గొప్ప."

"అయితే దిక్కుతోచక లాండ్రీ మెట్లు దిగే అవసరం దానికి ఎప్పటికీ రాదన్నమాట. తీసుకెళ్లండి."

ఆ కార్డు ఒక్క అక్షరం మారకుండా ఏడేళ్లుగా మన బార్‌లో నడుస్తున్నది. ఆ మాటలు చదివి నవ్వుకోవడానికే వచ్చే అతిథులున్నారు. మాస్టారికి యాభై మూడో రోజున వాసన తిరిగి వచ్చింది. ఆ తొలి పరిమళం నారింజ తొక్కది కాదు, బార్ మూలన నానుతున్న తడిగుడ్డది. ఆనందబాష్పాలతో దాన్నే పట్టుకుని లాండ్రీకి పరుగెత్తితే అక్క ముక్కు మూసుకుని, "ఆ గుడ్డ మా డిపార్ట్‌మెంటుది కాదు!" అన్నది.

మొన్న మంగళవారం మధ్యాహ్నం నాలుగు గంటలకు మాస్టారి సతీమణి, ఇన్నేళ్లలో మొదటిసారిగా, భర్త పనిచేసే చోటు చూడటానికి వచ్చారు. ఎత్తు కుర్చీ ఎక్కి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, వరుసగా మెరుస్తున్న సీసాలను, గ్లాసులను కలయజూసి, "ఇన్నాళ్లూ ఇక్కడా మీరుండేది?" అన్నారు. మాస్టారు ఆవిడ కోసం మద్యం లేకుండా నిమ్మ, తేనె, అల్లం, సోడా కలిపి, అంచున పుదీనా రెమ్మ నిలిపి, ఏ ప్రముఖ అతిథి ముందూ వంగనంత వంగి అందించారు. ఆవిడ ఒక గుక్క తాగి ఆలోచించారు.

"తీపి కాస్త తగ్గింది."

ఇంతవరకు ఏ అతిథి చెప్పినా కొలత మార్చి ఎరుగని మాస్టారు ఒక్క మాట ఎదురాడలేదు. తేనె సీసా అందుకుని అర చెంచా వేసి, కలిపి, ఆవిడ ముఖం వైపే చూస్తూ నిలబడ్డారు. "ఆ, ఇప్పుడు బాగుంది," అన్న తరువాతే వారి భుజాలు దిగాయి.

విశ్రాంత జీవితంలో ప్రవేశిస్తున్న మాస్టారు దృఢమైన ఆరోగ్యంతో, తీరుబడి గల ఉదయాలతో, జలుబెరుగని శీతాకాలాలతో నూరేళ్లు నిండుగా జీవించాలనీ, చేతికి వణుకూ మాటకు తడబాటూ రాకుండా ఉండాలనీ, ఇకపై సాయంత్రాలలో ఎవరికోసమో నిలబడే పని లేక, సతీమణి పక్కన హాయిగా కూర్చుని, ఎదుటివారు కలిపి ఇచ్చినదానికి వంకలు పెడుతూ చిరకాలం ఆనందించాలనీ సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము.