అవ్వకు చదివిన నవల

సూలూరులో మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగగానే, మనవరాలు నెలనెలా వచ్చే అరవ ప్రేమనవల తెరిచి, ఇంటి తెలుగులోకి మార్చి అవ్వకు చదివి వినిపిస్తోంది.

“పెండ్లి నిశ్చయం నాడన్నా ఆ పిల్ల నోరు తెరవలేదా?”

“తెరవలేదవ్వా. ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉండారు. పెండ్లికొడుకు సొంత మేనమామ. చిన్నప్పుడు దాన్ని ఎత్తుకుని తిప్పినోడు.”

“చెడ్డవాడా?”

“బంగారం. అదే కష్టం. చెడ్డవాడైతే ఎప్పుడో వద్దనుండును.”

“మనసులో ఇంకెవురన్నా ఉండారా?”

“ఎవురూ లేరు. మామను మొగుడని అనుకోలేకపోతోంది, అంతే.”

“ఈ పిల్ల నాకు నచ్చలేదు పో. పోయిన నెల కథలో పిల్ల నలుగురి ముందర లేచి చెప్పలేదా?”

“అది కథ అవ్వా.”

“మరి ఇది?”

మనవరాలు పుస్తకంలోకి తల దించుకుంది.

“నాకు అచ్చరం రాదు గానీ కండ్లుండాయి అమ్మణీ. నువ్వు పేజీ తిప్పి చానాసేపాయె.”

పుస్తకం మనవరాలి ఒడిలోకి జారింది. తీయాలనిపించలేదు.

“ఆ మామకు అమ్మ ఉండాదా?”

“ఉండాది. కడగొట్టు కొడుకు పెండ్లి చూసి కండ్లు మూస్తానంటాది. ముహూర్తం చీర కూడా తనే ఎంచింది.”

“ఎంచితిని. నువ్వు తలాడిస్తివి గదే.”

“నీ ముఖం చూసి ఆడించినానవ్వా.”

అవ్వ చేయి చాచి, ఆ పుస్తకాన్ని తానే మూసింది.

“సరే. నేను విన్నాను. నా కొడుక్కి ఈ కథ ఎవురు చదివేది?”